బాప్తిస్మం తొట్టిలో గప్పీ చేపలు

మా ఓల్డ్ సెటిల్‌మెంట్ ఆడవాళ్ళకు నన్ను చూస్తే సూది గుర్తు రాదు, పారబోసిన నీళ్ళు గుర్తొస్తాయి. నేను సందు మొదట్లో సైకిల్ దిగితే చాలు, చివరి క్వార్టరు దాకా కబురు వెళ్ళిపోతుంది. "ఓలమ్మో, నీల్లు పారబోసే మనిసి ఒచ్చిందర్రా!" అని ఒకావిడ కేక వేస్తుంది. అవతలి పెరట్లో ఇంకొకావిడ గబగబా డ్రమ్ముల మీద మూతలు పెట్టేస్తుంది. పిల్లలైతే నాకు 'మశా దీదీ' అని పేరు పెట్టారు. బెంగాలీలో మశా అంటే దోమ. ఇంత చదువు చదివి, ఇంత సర్వీసు చేసి, చివరికి దోమక్కనయ్యాను!

నేను ఇళ్ళు తిరిగే నర్సును, ఆసుపత్రిలో మంచాల మధ్య తిరిగే నర్సును కాదు. అక్కడ రోగి నర్సు దగ్గరికి వస్తాడు. ఇక్కడ నేనే జనం దగ్గరికి వెళ్ళాలి, అదీ వాళ్ళకు రోగం రాకముందే వెళ్ళాలి. రాని రోగం గురించి చెబితే ఎవరికి పడుతుంది చెప్పండి? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంటుంది. ఒక ఇంట్లో బాలింత, ఒక ఇంట్లో బీపీ ముసలాయన, ఒక ఇంట్లో టీకాకు పారిపోయే పిల్ల, వీళ్ళందరూ నాకు వేరువేరు మనుషులు కారు. సందు మొత్తం కలిపి ఒక మనిషి. ఈ ఇంట్లో ఒళ్ళు వెచ్చబడితే ఆ పక్క నాలుగు గుమ్మాలూ చూడనిదే నాకు అన్నం సయించదు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బొగ్గింజన్ల కాలంలో వచ్చి బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్ళో స్థిరపడ్డాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ సందుల్లోనే కాబట్టి, వీళ్ళను తిట్టే హక్కు కూడా నాకు ఉందని నా నమ్మకం. కోపం ఎప్పుడూ నా ముక్కు మీదే ఉంటుంది.

మా క్వార్టర్లలో కుళాయి రెండు పూటలే వస్తుంది. ఒక్కోరోజు దారంలా వస్తుంది, ఒక్కోరోజు అదీ రాదు. అందుకే ప్రతి ఇంట్లో ఒక డ్రమ్ము, ఒక సిమెంటు తొట్టి, నాలుగు బకెట్లు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. అలా దాచిన నీళ్ళలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారానికోసారి ఖాళీ చేసి, గోడలు రుద్ది, ఆరబెట్టి మళ్ళీ పట్టుకోండర్రా అని నేను. పట్టిన నీళ్ళు పారబోయడానికి చేతులెలా వస్తాయని వాళ్ళు. వానాకాలమంతా మాకు ఇదే తగువు. నాతో ఇళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్త, బెంగాలీ దీదీ, నెమ్మదస్తురాలు. ఆమె టార్చి వేసి డ్రమ్ములో పురుగులు చూపిస్తూ నవ్వుతూ నచ్చజెబుతుంది. నేను మాత్రం నచ్చజెప్పే ఓపిక లేక డ్రమ్ము తన్నేస్తాను.

ఒక యేడు దుర్గాపూజ సెలవులకు ముందు జ్వరాలు మొదలయ్యాయి. మామూలు జ్వరాలు కావు, ఒళ్ళు విరిచేసి, కళ్ళ వెనక పోటు పెట్టి మూలన పడేసేవి. రక్తపరీక్షల్లో డెంగీ అని తేలింది. నేనూ దీదీ తెల్లవారితే చాలు సందుల్లో పడ్డాం. తొట్లు ఖాళీ చేయించాం, పాత టైర్లు తీయించాం, ఫ్రిజ్జు వెనక పళ్ళేలు కూడా వదల్లేదు. ఆఖరికి ఒకరింట్లో పెళ్ళినాటి ఇత్తడి గంగాళం బోర్లిస్తే ఆ ఇంటాయన నాతో చాలా రోజులు మాట్లాడలేదు. అయినా జ్వరాలు తగ్గలేదు. పైగా వాటి తీరే నాకు అర్థం కాలేదు. దోమ దూరం ఎగరదు. ఒక ఇంట్లో పుడితే ఆ ఇంటినీ పక్కింటినీ కుడుతుంది. ఇక్కడేమో ఈ సందులో ఒకరికి, ఆ చివరి సందులో ఒకరికి, ఇంకా అవతల పూరీ గేట్ దగ్గర ఇంకొకరికి. అందరూ ఆడవాళ్ళే, అందరూ తెలుగువాళ్ళే. ఒకే గోడకు ఇటు తెలుగావిడ మూలుగుతుంటే అటు బెంగాలీవాళ్ళు హాయిగా చేపలు వేయించుకుంటున్నారు.

"కీ బ్యాపార్?" అని దీదీ నన్నే అడుగుతుంది, ఏమిటి సంగతని. నాకేం తెలుసు నా బొంద!

ఇంతలో పూరీ గేట్ దగ్గర ఉండే చంటిపిల్ల తల్లికి ప్లేట్‌లెట్లు పడిపోయి ఆసుపత్రిలో చేర్చారు. ఆ చంటిదాన్ని తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి నేనే చూస్తున్నాను. మర్నాడు వాళ్ళింటికి పరుగెత్తి చూస్తే ఇల్లు గంజి పెట్టి ఎండేసిన చీరలా ఫెళఫెళలాడుతోంది, చుక్క నీళ్ళు నిలవ లేవు. లోపల నలుగురైదుగురు ఆడవాళ్ళు చంటిదాన్ని ఒళ్ళో మార్చుకుంటూ కూర్చున్నారు. అందరి ముఖాలూ జ్వరం పడి లేచిన ముఖాలే.

"మీ మొగుళ్ళకు ఎవరికీ రాలేదేటే?" అని అడిగాను.

"మగోళ్ళ రత్తం సేదు కావాల," అంది ఒకావిడ. నీరసంలో కూడా అందరూ పకపకా నవ్వారు.

"నవ్వులు సాలు. మీ ఇల్లెక్కడ, ఈవిడ ఇల్లెక్కడ? మీరంతా ఎక్కడ కలుస్తారు?"

"ఎక్కడేటప్పా? సుక్కరారం ఉపాస పార్దన. పొద్దున్న కూకుంటే మజ్జానం దాకా నెగం కదేటి."

నాకు బుర్రలో దీపం వెలిగింది. డెంగీ దోమ పగటి దొంగ. రాత్రి దోమతెర కట్టుకుని పడుకున్నంత మాత్రాన దాన్ని తప్పించుకోలేం. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కళ్ళు మూసుకుని ప్రార్థనలో కూర్చున్న ఆడవాళ్ళకంటే దానికి మంచి విందు ఎక్కడ దొరుకుతుంది?

ఆ శుక్రవారం నేనూ దీదీ వాళ్ళ చర్చికి వెళ్ళి చాప మీద వెనగ్గా కూర్చున్నాం. నేను ఆ సంఘం మనిషిని కాను, మా ఇంట్లో దేవుళ్ళు వేరు. కానీ చిన్నప్పటి నుంచి క్రిస్మస్ కేకు తిన్న చర్చి అది, కొత్తేమీ లేదు. కూర్చున్న కాసేపటికే చీలమండ మీద చురుక్కుమంది. చూస్తే నల్లటి దోమ, కాళ్ళకు తెల్ల పట్టీలు. ఫట్‌మని కొట్టాను. అందరూ ప్రార్థనలో ఉన్నారు కాబట్టి ఎవరూ కళ్ళు తెరవలేదు. ఇంకొకటి వచ్చింది. అది వచ్చిన దారి చూశాను. పాస్టరు గారు నిలబడి ప్రసంగం చెప్పే చెక్కల వేదిక ఉంది చూడండి, దాని సందుల్లోంచి ఒక్కొక్కటే తీరిగ్గా బయటికి వస్తున్నాయి.

ఆమెన్ అనేదాకా ఎలా ఆగానో నాకే తెలియదు. ఆగి, వేదిక మీది తివాచీ లాగేసి, ఒక పలక ఎత్తాను. కింద నీళ్ళు! బాప్తిస్మం ఇచ్చేటప్పుడు మనిషిని ముంచే సిమెంటు తొట్టి, నడుం పైదాకా లోతు, దిగడానికి మెట్లు, అంచుదాకా నీళ్ళు. దీదీ ఫోను లైటు వేసింది. ఆ వెలుగులో పురుగులు కోటానుకోట్లు తలకిందులుగా గంతులేస్తున్నాయి.

"ఓ బాబా! ఏ తో పుకుర్!" అంది దీదీ నోటి మీద చెయ్యి వేసుకుని. ఇది తొట్టి కాదు చెరువే అని.

సందుల్లో కొబ్బరి చిప్పలు కూడా బోర్లించిన దాన్ని, ఇంత చెరువు నా కంట పడలేదు. దీపం కింద చీకటంటే ఇదే. ఎవరికీ చెప్పకుండా పక్కనున్న బకెట్ అందుకుని వంగాను. వెనక నుంచి నా జబ్బ ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

"ముట్టుకున్నావా సెయ్యిరిసేస్తాను," అంది అత్త.

ఈ అత్త నాకు రక్తసంబంధం కాదు. మా అమ్మకు పక్క క్వార్టరు వదిన, అందుకని నాకు అత్త. శుక్రవారం ప్రార్థనకు పెద్ద ఆమే. ఆమె భర్త, అంటే నాకు మావ, లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. బక్కపలచని మనిషి, పాట ఎత్తాడంటే చర్చి దద్దరిల్లుతుంది. ఆదివారం ఒక్కటీ మానడు. కానీ బాప్తిస్మం మాత్రం పుచ్చుకోలేదు. పెళ్ళైన కొత్తలో నైట్ డ్యూటీ అన్నాడట. తర్వాత ప్రమోషన్ పరీక్ష అన్నాడు, కూతురి పెళ్ళి కానీ అన్నాడు, రిటైరయ్యాక మోకాళ్ళు అన్నాడు. అత్త అడుగుతూనే ఉంది, ఆయన దాటేస్తూనే ఉన్నాడు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని సంఘమంతా ఆశ వదులుకుంది, అత్త తప్ప.

ఆమె ఎందుకు వదులుకోలేదో తెలియాలంటే వాళ్ళ ఆనవాయితీ ఒకటి తెలియాలి. నెల మొదటి ఆదివారం ఆ చర్చిలో బల్ల పెడతారు. ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. ముందు భార్యాభర్తలు జంటలుగా లేచి వెళ్ళి తీసుకుంటారు, తర్వాత పెళ్ళికాని పిల్లలు, చివర్న భర్త పోయిన ఆడవాళ్ళు. బాప్తిస్మం లేనివాళ్ళకు బల్ల లేదు. మావ వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చుంటాడు. జంట లేని అత్త చివరి వరసలో వెళ్తుంది.

"మొగుడు గుండ్రాయిలాగ బతికున్నాడు," అంది అత్త ఆ రోజు తొట్టి ముందు నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని. "పెల్లయిన కాడినుంచి నాను మొగుడు నేనోళ్ళ వరసలో ఎల్తన్నాను. ఒక్కపాలి, ఒక్కపాలి ఆ మనిసి పక్కన నిలబడి ఆ రొట్టి తినాలని నాకుంతాది కాదేటే? ఇన్నాళ్ళకి 'సరే దిగుతాను' అన్నాడు. అననే అన్నాడు!"

అన్న మరుక్షణం, మళ్ళీ మాట మార్చకముందే, అత్త తొట్టి నింపించేసింది. నింపడం కూడా కుళాయి తిప్పి నింపడం కాదు. వాళ్ళలో ఎవరికైనా బాప్తిస్మం అంటే సంఘంలో ప్రతి ఇంటి నుంచీ నీళ్ళు రావాలి. ఎవరి వంతు నీళ్ళు వాళ్ళు పట్టి, బకెట్లతో మోసుకొచ్చి పోస్తారు. కుళాయి దారంలా వచ్చే ఊళ్ళో, వంట నీళ్ళు తగ్గించుకుని మరీ పోశారు. అన్నీ సిద్ధమయ్యాక మావ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కంట్లో నీళ్ళు పడకూడదు, తల ముంచకూడదు, నెల దాటాలి అన్నాడు డాక్టరు. బాప్తిస్మం వాయిదా పడింది, నీళ్ళు ఉండిపోయాయి. ఆ నీళ్ళు అలా ఉంటేనే ఆయన మాటకు కట్టుబడి ఉంటాడని అత్త నమ్మకం.

"ఆ ఆపరేసన్ సేయించుకోమని తరిమింది ఎవులే? నువ్వు కాదేటి?" అంది నా వైపు వేలు చూపించి.

నిజమే. నేను రెండేళ్ళుగా బతిమాలుతుంటే వినని మావ, హఠాత్తుగా ఒకరోజు తనే వచ్చి "గుంటా, కంటి కేంపు ఎప్పుడే?" అని అడిగాడు. నా మాటల మహిమే అనుకుని నేను దీదీ ముందు చాలా గొప్పలు పోయాను.

అంతలో పాస్టరు గారు వచ్చారు. సంగతి విని తొట్టిలోకి చూశారు, అత్త వైపు చూశారు, నా వైపు చూశారు. పాపం మెత్తని మనిషి, ఇద్దరికీ సర్దిచెప్పాలని చూశారు. "మున్సిపాలిటీ వాళ్ళ దోమల మందు పోయిస్తే?" అన్నారు.

"ఆ మందు నీల్లలో నా మొగుణ్ణి ముంచుతారా అయ్యగోరూ?" అంది అత్త.

నాకు ఒళ్ళు మండింది. "అత్తా, చంటిపిల్ల తల్లి ఆసుపత్రిలో ఉంది. ప్లేట్‌లెట్లు పడిపోనాయి. ఈ నీల్లలో పుట్టిన దోమే కుట్టింది. రేపు ఇంకెవులు పడాల? నువ్వా, నానా?" అని అరిచేశాను. చర్చిలో అలా అరవకూడదని అరిచాక తెలిసింది.

అత్త ముఖం మాడిపోయింది. ఆ తల్లి జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అప్పటిదాకా తట్టలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, నా చేతిలోని బకెట్ తీసుకుని మొదటి మెట్టు మీదికి దిగింది.

"తీసీండి. ఆ గుంట బతకాల. నాకు అలవాటైన వరసే కదా, అందలోనే ఎల్తాను," అంది.

ఏడవలేదు. అదే నా ప్రాణానికి వచ్చింది. ఆమె ఏడ్చి ఉంటే నేను మనసు రాయి చేసుకుని ఆ తొట్టి ఖాళీ చేసేసేదాన్నే. అంత నిబ్బరంగా వంగి నీళ్ళు ముంచబోతుంటే నేను చూడలేకపోయాను. ఎలాగైనా ఈవిడ ఆ రొట్టె తినాల్సిందే అనుకున్నాను. పక్కన దీదీ నా కొంగు లాగి బెంగాలీలో గొణిగింది, మురిక్కాలవల్లో మనం వదిలే చేపలు గుర్తులేవా అని.

గప్పీ చేపలు! చిటికెన వేలు గోరంత చేపలు, దోమ పురుగులంటే పడిచస్తాయి. ఏటా మేమే కాలవల్లో వదిలిస్తాం.

"అత్తా, ఆగు!" అన్నాను. "నీల్లు తీయొద్దు, మందు ఒద్దు. సేపలు వేస్తాను. ఆ పురుగుల్ని అవే తినేస్తాయి."

"కాలవలో సేపలా?" అని అత్త ఉలిక్కిపడింది.

"కాలవలోవి కాదు. గోల్‌బజార్‌లో రంగుసేపలు అమ్ముతారు, అద్దాల పెట్టెలోవి. మీ ఆయనకంటే శుభ్రంగా ఉంతాయి."

ఆ మాటకు అత్త నవ్వింది. పాస్టరు గారు కూడా ఊపిరి పీల్చుకుని, "ప్రభువు శిష్యులే జాలర్లు, చేపలు మనకేమీ పరాయివి కావమ్మా," అన్నారు.

మేము దాదా, అంటే అన్నా, అని పిలిచే గోల్‌బజార్ దుకాణదారు మాకు ఎన్ని గప్పీలు కావాలో విని కళ్ళు పెద్దవి చేశాడు. "దీదీ, అంత పెద్ద ఎక్వేరియం ఎవరి ఇంట్లో?" అన్నాడు హిందీలో. "చర్చిలో ఉంది దాదా," అన్నాను. ఠీక్ హై అని తల ఊపాడు గానీ మాకు మతి చలించిందనే అనుకుని ఉంటాడు. నీళ్ళ సంచుల్లో చేపలు ఒళ్ళో పెట్టుకుని బ్యాటరీ రిక్షా టోటోలో కూర్చుంటే, ప్రతి గుంతకూ నేనూ దీదీ పెళ్ళికూతురి తట్ట మోస్తున్నంత జాగ్రత్తగా ఎగిరిపడ్డాం. ఆ సాయంత్రం వేదిక పలకలన్నీ తీయించి, కిటికీలు తెరిపించి, వేపాకు పొగ వేయించి, చేపల్ని తొట్టిలో వదిలాం. పిల్లలు అంచు చుట్టూ బోర్లా పడుకుని చూశారు. చేపలు ముందు బెదిరాయి, తర్వాత తినడం మొదలుపెట్టాయి. అంత ఆత్రంగా తినేవాళ్ళను నేను మా ఊరి పెళ్ళి భోజనాల్లోనే చూశాను.

ఇక వాటిని ఎవరైనా రోజూ చూసుకోవాలి. చచ్చినవి తీసేయాలి, పురుగులు తగ్గుతున్నాయో లేదో నాకు చెప్పాలి. ఖాళీగా ఉన్న మనిషి మావ ఒక్కడే. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చున్న ఆయనకు చెబితే ముఖం తిప్పుకున్నాడు.

"నాను పోను. నాకు కన్ను."

"కంట్లో నీల్లు పడకూడదు గానీ సేపల్ని సూడకూడదా మావా? దూరంగా కూకుని సూడు."

గొణుక్కుంటూనే వెళ్ళాడు. మొదట్లో గుమ్మం దగ్గరి బెంచీలో కూర్చుని, పిల్లల్ని అడిగి నాకు కబుర్లు చెప్పేవాడు. దగ్గరికి వెళ్ళి చూడమని పోరితే ఒకరోజు అసలు సంగతి బయటపెట్టాడు. అత్త లేని సమయం చూసి, గొంతు తగ్గించి.

"ఎవులికీ సెప్పకు గుంటా. సిన్నప్పుడు నాగావళి ఒరదలో ములిగిపోనాను. మా నాన్న జుట్టట్టుకుని నాగినాడు. ఆ నాటి నుంచీ తలమీద సెంబుడు నీల్లు పడితే సాలు, నాకు ఊపిరి అందదు. తువాలు తడిపి ఒళ్ళు తుడుసుకుంతాను గానీ తల మీంచి పోసుకోను. మీ అత్తకి మొకం మీద సెప్పడానికి సిగ్గు. ఇంజన్ల కింద దూరి పని సేసినోణ్ణి, తొట్టికి బయమంతే నవ్వదేటి?"

నైట్ డ్యూటీ, ప్రమోషన్, మోకాళ్ళు, అన్నీ ఇదన్నమాట. ఆఖరికి కంటి ఆపరేషన్ కూడా! తొట్టి నిండిందని తెలిసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు తప్ప నా మాటల మహిమ ఏమీ లేదు. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. నవ్వాక ఆయన మీద జాలేసింది. ఇంత చిన్న భయాన్ని ఒక మనిషి ఇంతకాలం ఒక్కడే మోశాడు.

"మరి ఈపాలి ఎందుకు సరేనన్నావు మావా?"

"అది ఆ వరసలో ఎల్లడం నాను ఎనకనుంచి సూస్తాను కదా," అన్నాడు. "నడుం ఒంగిపోనాది దానికి. సూడలేక అనేసినాను."

నేను నీతులు చెప్పలేదు. నా పని నాకు తెలుసు, భయం ఉన్న మనిషికి మాటలు పనిచేయవు, మెల్లగా అలవాటు పనిచేస్తుంది. సూదికి భయపడే పిల్లలతోనూ అంతే. "చేపలకు నీ కాళ్ళంటే ఇష్టమట, వేళ్ళు పెట్టి చూడు," అన్నాను. రెండు రోజులు పోయాక మావ తొట్టి అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. గప్పీలు వచ్చి వేళ్ళు పొడిచాయి. చక్కిలిగిలికి కిచకిచ నవ్వాడు, చిన్నపిల్లాడిలా. తర్వాత మొదటి మెట్టు దిగాడు. ఆ తర్వాత ఇంకొకటి. ఒక మధ్యాహ్నం నేనూ దీదీ వెళ్ళేసరికి లుంగీ ఎగ్గట్టి నడుం లోతులో నిలబడి ఉన్నాడు.

"ఇదేటి మావా?"

"సేపలికి సోటు సాలుతాదో నేదో సూస్తన్నాను," అన్నాడు దర్జాగా.

"ఆచ్ఛా!" అని దీదీ తల ఆడించింది. మేమిద్దరం బయటికొచ్చి గోడకు ఆనుకుని నవ్వుకున్నాం.

కొత్త జ్వరాలు ఆగిపోయాయి. శుక్రవారం ఆడవాళ్ళు దోమ మాటెత్తడం మానేసి చేపల గురించి మాట్లాడుకోసాగారు. చంటిపిల్ల తల్లి ఇంటికి వచ్చింది. ఆమె వాకిట్లో రిక్షా దిగి, పిల్లను నా చేతుల్లోంచి తీసుకుని ముద్దుపెట్టుకుంటుంటే నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. డాక్టరు కూడా మావ కన్ను చూసి, ఇక తల ముంచుకోవచ్చన్నాడు.

బల్ల ఉన్న ఆదివారమే బాప్తిస్మం పెట్టారు. ముందురోజు పిల్లలు దోమతెర ముక్కతో గప్పీలను పట్టి డబ్బాల్లోకి మార్చారు, అయినా దొరకని గడుగ్గాయిలు కొన్ని ఉండిపోయాయి. నేనూ దీదీ వెనక చాప మీద కూర్చున్నాం. మావ తెల్ల బట్టల్లో మెట్లు దిగాడు. నీళ్ళు నడుందాకా వచ్చాయి. పాస్టరు గారు వీపు మీద చెయ్యి వేశారు. అప్పుడు మావ ముఖం పాలిపోవడం నాకు అంత దూరానికి కనిపించింది. తొట్టి అంచును పట్టుకున్నాడు. వదల్లేదు. పాస్టరు గారు ఆగారు, పాట ఆగింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక పైకి వచ్చేస్తాడు అనుకున్నాను.

మావ తల వంచి నీళ్ళలోకి చూశాడు. అక్కడ ఏం కనిపించిందో, పెదాలు కొంచెం కదిలాయి. అంచు వదిలేసి, ముక్కు రెండు వేళ్ళతో మూసుకుని, "కానీండి అయ్యగోరూ," అన్నాడు.

ములిగాడు. లేచాడు. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, తను బతికే ఉన్నాడో లేదో చూసుకుంటున్నట్టు చుట్టూ చూశాడు. తర్వాత ముఖమంతా నవ్వు.

"ఇంతేనా? ఇంకోపాలి ముంచండి అయ్యగోరూ!"

చర్చి చర్చంతా గొల్లున నవ్వింది. "ఒక్కసారే బాబూ, ఒక్కసారే," అని పాస్టరు గారు కూడా నవ్వు ఆపుకోలేక ఆయన్ని మెట్లెక్కించారు. నేను చప్పట్లు కొట్టేశాను. అక్కడ కొట్టొచ్చో కొట్టకూడదో తెలియదు, కానీ మిగతావాళ్ళూ అందుకున్నారు.

బల్ల సమయం వచ్చింది. జంటలు లేచాయి. మావ తువ్వాలుతో తల తుడుచుకుని, ముందు వైపు ఎటు నిలబడాలో తెలియక దిక్కులు చూస్తున్నాడు. అత్త ఏది అని చూస్తే, అలవాటు కొద్దీ వెళ్ళి భర్త పోయిన ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. అక్కడ పక్కనున్న ముసలమ్మ ఆమె భుజం పట్టుకుని బయటికి తోసేసింది.

"ఎల్లే! ఇక్కడేటి పని నీకు? నీ మొగుడు తడిసి ముద్దయిపోయి అక్కడ ఎదురు సూస్తన్నాడు. ఇది మా లైను."

ఆ వరసలోని ఆడవాళ్ళందరూ నవ్వుతూ తలో చెయ్యీ వేసి ఆమెను ముందుకు నెట్టారు. అత్త తూలుతూ వెళ్ళి మావ పక్కన నిలబడింది. నేను ఏడ్చేశాను, దాచుకోవడమెందుకు. దీదీ కూడా కొంగుతో ముక్కు తుడుచుకుంది. పాస్టరు గారు రొట్టె ముక్కలు ఇద్దరి చేతుల్లో పెట్టారు. ఎప్పుడు తినాలో తెలియక మావ అత్త వైపు చూశాడు. ఆయన జుట్టు నుంచి నీళ్ళు ఆమె భుజం మీద కారుతున్నాయి. అత్త తల ఊపింది. ఇద్దరూ ఒకేసారి తిన్నారు.